ఏటి మట్టం రాసిన చెయ్యి

మా నాన్న నాగావళి ఒడ్డున గేజీ రీడరు. ఆ ఉద్యోగం పేరు చెప్తే ఆ రోజుల్లోనూ సగం మందికి అర్థమయ్యేది కాదు. అందుకని ముందు అదేమిటో చెప్పాలి. ఆమదాలవలసకి ఎగువన, మా ఊరి రేవు పక్కన, గట్టు పైనుంచి ఏటిలోకి మెట్లు దిగుతున్నట్టుగా ఆరు సిమెంటు స్తంభాలు పాతి ఉండేవి. వాటికి తెల్ల రంగు వేసి, నల్ల గీతలు గీసి, పక్కన అంకెలు రాసి ఉండేవి. రోజూ పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ నీరు ఏ గీతని తాకుతోందో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. వరదొస్తే గంటగంటకీ చూడాలి. ఒక హద్దు దాటితే శ్రీకాకుళం ఆఫీసుకి తంతి కొట్టించాలి. ఆ తంతిని బట్టి దిగువ ఊళ్లలో దండోరా వేయించేవారు. మా ఊళ్లో ఆయన్ని నీళ్ల గుమస్తా అనేవారు. వేళాకోళం చేసేవాళ్లు ఏటికి కాపలా అనేవారు.

నేను ఎస్సెల్సీ చదువుతుండగా ఆ స్తంభాల మీద అడుగుల గీతలు చెరిపేసి మీటర్ల గీతలు వేశారు. నాన్నకి పదిహేనేళ్లుగా అడుగులు అలవాటు. గట్టు మీద నిలబడే ఇవాళ ఏడుంపావు అని చెప్పేసేవాడు. మీటర్లు మాత్రం ఆయనకి ఎక్కలేదు. మొదటిరోజు సాయంత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "పదడుగుల నీరుంటే మూడని రాయమంటారేటి? ఏరు సిన్నబోదా?" అన్నాడు. ఆ రోజునుంచి ఆయన చూసి చెప్పడం, నేను రాయడం. మరుసటేడు ఆయనకి ఉబ్బసం ముదిరింది. గట్టు దిగగలిగేవాడు, ఎక్కలేకపోయేవాడు. దాంతో చూడటం కూడా నాకే వచ్చింది. నేను దిగి, చూసి, రాసి తెస్తే, అరుగు మీద కూర్చుని పేజీ అడుగున సంతకం పెట్టేవాడు. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి. ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో మేం ఆలోచించలేదు కూడా.

రెండో వానాకాలంలో ఏరు పొంగింది. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా నేను గంటగంటకీ దిగాను. నీరు పైనుంచి మూడో స్తంభం దాటి రెండోదానికి వచ్చేసరికి నాన్న పేరున తంతి రాసి మా మావకిచ్చాను. మా అమ్మ తమ్ముడాయన, మా ఇంటి పక్కనే ఉండేవాడు. సైకిలు తొక్కుకుంటూ తపాలాఫీసుకి పోయి తంతి కొట్టించాడు. దిగువన రెండు ఊళ్ల వాళ్లు పశువులతో సహా మెరకకి చేరుకున్నారు. నెలరోజుల తరవాత ఆఫీసు నుంచి నాన్నని మెచ్చుకుంటూ ఒక ఉత్తరం వచ్చింది. అమ్మ దాన్ని శ్రీకాకుళంలో అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టింది. అటువైపు చూసినప్పుడల్లా నాన్న నా మొహం చూడకుండా తప్పుకునేవాడు. నాకు మాత్రం బాధనిపించలేదు. అది ఇద్దరం కలిసి చేసిన ఒకే పని అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నానా అంటే గట్టిగా చెప్పలేను.

ఆ మాఘమాసంలో నాన్న పోయాడు.

రెండు నెలలకి ఆ ఖాళీ ప్రకటించారు. ఎస్సెల్సీ ప్యాసై ఉండాలి, ఏటికి దగ్గర్లో కాపురం ఉండాలి, అంకెలు స్పష్టంగా రాయగలగాలి. అంతే ఉంది అందులో. మగవాళ్లే పెట్టుకోవాలని ఎక్కడా లేదు. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజిలో పేరు రాయించుకుని దరఖాస్తు పెట్టాను. పెట్టమన్నది మావే. అమ్మ పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఇంటర్వ్యూ రోజు శ్రీకాకుళం ఆఫీసు వరండాలో నలుగురు మగవాళ్లూ నేనూ కూర్చున్నాం. హెడ్ గుమస్తా బయటికొచ్చి, ఎవరి తరఫున వచ్చావమ్మా అని అడిగాడు. నా తరఫునే అన్నాను. నా ఇంటర్వ్యూ కార్డు తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. అందరికంటే ఆఖర్న నన్ను పిలిచారు. లోపల ఇంజినీరు నాన్న పేరు అడిగి, మంచి పనిమంతుడని, పోయినందుకు విచారమని చెప్పి, ఇక వెళ్లొచ్చన్నాడు. నీటి గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. నేను దాన్ని శుభసూచకం అనుకున్నాను. నీళ్ల గుమస్తా కూతురిని అడగడానికేముంటుందిలే అని ఊరుకున్నారనుకున్నాను. ఇంటికొస్తూ దారంతా, తోడొచ్చిన మావకి అదే చెప్పాను.

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. మీరు ఎంపిక కాలేదు అని ఒక్క వాక్యం. ఎందుకో లేదు. ఆ తరవాతి వారం, మాకు రెండు మైళ్ల దూరంలోని ఊరి కుర్రవాడొకడు నాన్న గొడుగుతో నిలబడే చోట తన గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

మావ నన్ను వెంటబెట్టుకుని హెడ్ గుమస్తా దగ్గరికి వెళ్లాడు. ఆయన విసుక్కోలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఇంట్లో ఆడపిల్లకి చెప్పినట్టే చెప్పాడు.

"ఇదేటి ఆడపిల్లలు సేసే పనేటమ్మా? వరదలో గట్టు మీద ఒక్కదానివీ నిలబడగలవా? రేపు ఏదైనా అయితే మాకు మాటొస్తాది. నీ మంచికే సెప్తన్నాను."

నిలబడ్డాను అని నోటిదాకా వచ్చింది. మావ నా వైపు చూశాడు. నేను కుర్చీ అంచు పట్టుకుని ఊరుకున్నాను. నాన్న సంతకాలన్నీ ఆ ఆఫీసులోనే, ఆ బీరువాల్లోనే ఉన్నాయి.

కోర్టు దగ్గర రావిచెట్టు పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. మావకి ఒక పొలం గట్టు తగాదాలో పరిచయం. ఆయన మా ఉత్తరం చదివి, రాజ్యాంగంలో పదహారో అధికరణం అని ఒకటుందని, సర్కారు ఉద్యోగానికి ఆడా మగా తేడా చూడకూడదని అందులో రాసి ఉందని చెప్పాడు. మరి చూశారు కదా అన్నాను. అది రుజువు చెయ్యాలన్నాడు. హెడ్ గుమస్తా నోటితో చెప్పాడన్నాను. నోటిమాటని ఫైల్లో పెట్టలేమన్నాడు. అయినా ఇంజినీరు పేరున ఒక ఫిర్యాదు టైపు చేశాడు. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. అందులో నాకు సగం అర్థమైంది. చోటు చూపిస్తే సంతకం పెట్టాను.

నెలన్నరకి జవాబొచ్చింది. ఆడదాన్నని కాదట. ఆ పనిలో నాకు అనుభవం లేదట, అందుకని తీసుకోలేదట.

ఆ కాగితం చదివినప్పటి నా పరిస్థితి ఎలా చెప్పాలో తెలియదు. నోటితో ఒక కారణం చెప్పారు, కాగితం మీద ఇంకోటి రాశారు. పోనీ కాగితం మీదదే నిజమనుకుందామంటే, ఎంపికైన కుర్రవాడు అంతవరకూ ఏటిలో స్నానం చెయ్యడం తప్ప ఇంకేమీ ఎరగడు. రెండేళ్ల అనుభవం ఉన్నది నాకు. అది ఉందని చెప్తే పోయేది మా నాన్న పరువు. లేదని ఒప్పుకుంటే వాళ్లన్నది నిజమైపోతుంది. ఏ వైపునుంచి మొదలుపెట్టి ఆలోచించినా చివరికి మళ్లీ మొదటికే వచ్చేది.

అర్జీలాయన మాత్రం ఉత్సాహపడ్డాడు. కారణమంటూ ఇచ్చారు కాబట్టి ఇక దాన్ని కొట్టెయ్యొచ్చన్నాడు. విజయనగరంలో ఉన్న పై అధికారికి నెలరోజుల్లోగా అప్పీలు పెట్టుకోవాలట. ఈ పని నువ్వు ముందెప్పుడైనా చేసినట్టు ఏదైనా ఆధారం ఉందా అని అడిగాడు. మావ నోరు తెరిచాడు. ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తామని నేను లేచాను.

ఇంటి దగ్గర మావది ఒకటే మాట. సచ్చిపోయినాయన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు, బతికున్న ఆడగుంట దారి చూసుకోవాలి. అమ్మ వంటింట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి గడపలోకి వచ్చింది.

"ఆయనకి మిగిలింది ఆ అద్దంలో కాయితం ఒక్కటే. ఇప్పుడు అదీ నాదేనని తీసీసుకుంటావేటే?"

మావ తల దించుకున్నాడు. నేను తీసుకోనన్నాను. అప్పటికప్పుడు అనేశాను. అన్నాక, మాట ఇచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అమ్మ మీద కూడా వచ్చింది. కాని ఆవిడ అడిగిందాంట్లో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు.

అప్పీల్లో ఏం రాయాలో తేలకుండానే ఇంకో సంగతి జరిగింది. ఒకరోజు సాయంత్రం ఆ కొత్త కుర్రవాడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పుస్తకం చంకలో ఉంది. చెల్లి ఉందా అని అమ్మని అడిగాడు. గాలికి కెరటం కొడుతుంటే నీరు ఒకసారి పై గీతకీ ఒకసారి కింది గీతకీ వస్తోందట, ఏది రాయాలో తెలియడం లేదట, ఆఫీసులో అడిగితే చూసింది రాయమన్నారట. నేను ఫిర్యాదు పెట్టిన సంగతి అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు.

నేను చెప్పులేసుకుని అతనితో రేవుకి వెళ్లాను. నాన్న కణుపులు పొడిచేసిన వెదురు గొట్టం ఒకటి చేసి పెట్టుకున్నాడు. దాన్ని స్తంభం పక్కన నిలువుగా నీళ్లలోకి దింపితే, బయట ఎంత కెరటం ఉన్నా గొట్టంలో నీరు కదలకుండా నిలుస్తుంది. లోపల ఒక పుల్ల వేసి తడి చూసుకుంటే సరి. అది అతనికి చూపించాను. రెండుమూడుసార్లు చేయించాను. చేతకానివాడేం కాదు, త్వరగానే పట్టుకున్నాడు. గట్టెక్కి వస్తుంటే అడిగాడు.

"నా ఉద్యోగం పోతాదేటి సెల్లీ?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అతనికి అప్పటికే పెళ్లయింది. ఒక పాప. నేను అతని ఉద్యోగం అడగడం లేదు, మా నాన్న ఉద్యోగం అడుగుతున్నాను అని నాకు నేను చెప్పుకునేదాన్ని. గట్టు మీద నడుస్తున్నప్పుడు ఆ తేడా నాకే కనబడలేదు.

చివరికి అర్జీలాయనకి సగమే చెప్పాను. చిన్నప్పటినుంచి నాన్న వెంట వెళ్లి చూసేదాన్ని, పని తెలుసు అన్నాను. ఆయన దానికే, దరఖాస్తుదారుకి ఈ పనితో చాలాకాలంగా దగ్గరి పరిచయం ఉన్నదని ఇంగ్లీషులో గట్టిగా రాశాడు. పదహారో అధికరణం రెండుచోట్ల పెట్టాడు. అప్పీలు రిజిస్టరు పోస్టులో వెళ్లింది.

రెండు నెలల తరవాత విజయనగరం రమ్మని పిలుపొచ్చింది. మావా నేనూ ఆమదాలవలసలో పాసింజరెక్కాం. పొందూరులో నూలు మూటలతో ఆడవాళ్లు ఎక్కి చీపురుపల్లిలో దిగారు. మావ దారంతా అదే పోరు పెట్టాడు. ఈసారైనా నోరు విప్పమని, అక్కకి తను సర్దిచెప్తానని. నేను కిటికీలోంచి చూస్తూ రెండు జవాబులు తయారుచేసుకున్నాను. ఒకటి నిజం చెప్పేది, ఒకటి చెప్పనిది. దేన్ని వాడతానో నెల్లిమర్ల దాటాక కూడా తెలియలేదు.

పై అధికారి పెద్దవయసు మనిషి. మా వైపు మాట కాదు. గదిలో ఆయన, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా హెడ్ గుమస్తా, నేను. మావని బయట కూర్చోమన్నారు. బల్ల మీద మా రేవు గేజీ పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. అర్జీలాయన రాసిన ఆ 'దగ్గరి పరిచయం' చూసి పై అధికారి వాటిని తెప్పించాడట. నా దరఖాస్తు కూడా పక్కనే ఉంది. అందులో పుట్టిన తేదీ, మార్కులు అన్నీ నా చేత్తో రాసినవే. నేను ఏడు అంకెకి నడుం మీద చిన్న అడ్డగీత పెడతాను. బళ్లో అలవాటైంది.

ఆయన నన్ను కూర్చోమని, ఒక పుస్తకం తీసి మెల్లగా పేజీలు తిప్పాడు. ఇంకోటి తీసి తిప్పాడు. ఆ తరవాత రెండూ పక్కపక్కన పెట్టాడు.

"అడుగులన్నీ ఒక చేతి రాతలో ఉన్నాయి. మీటర్లన్నీ ఇంకో చేతి రాతలో ఉన్నాయి. మీటర్లు వచ్చాక మీ నాన్నగారి చేతిరాత మారిందా అమ్మా?"

హెడ్ గుమస్తా కిటికీ వైపు చూస్తున్నాడు. నేను తయారుచేసుకున్న రెండు జవాబుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మారింది సార్."

"ఏడు అంకె కూడానా?"

"అదీ మారింది సార్."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పుస్తకాలు రెండూ మూసేశాడు. కెరటం కొడుతున్నప్పుడు మట్టం ఎలా చూస్తావని అడిగాడు. వెదురు గొట్టం సంగతి చెప్పాను. గొట్టం ఎంత లావుండాలి, అడుగున బురద చేరితే ఏం చేస్తావు, వరదలో దుంగలు కొట్టుకొస్తే ఎక్కడ నిలబడతావు అని ఇంకా చాలా అడిగాడు. అన్నిటికీ చెప్పాను. ఆ పావుగంటసేపూ నేను ఎక్కడున్నానో మర్చిపోయాను. ఇవన్నీ ఎవరు నేర్పారన్నాడు. మా నాన్న అన్నాను. ఆ రోజు ఆ గదిలో నాన్న గురించి నేను చెప్పిన నిజం అదొక్కటే.

బయట మావ నా మొహం చూసి, చెప్పావా అని అడిగాడు. చెప్పలేదన్నాను. ఆమదాలవలస దాకా నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక ఏం జరిగిందో అమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. అబద్ధమాడినట్టు కూడా చెప్పాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ కొంగు అంచు మెలిపెడుతూ, "ఆయేల నాను నిన్ను అలా అనకుండా ఉండాల్సింది," అంది. ఆ మాటని ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు. అబద్ధమాడేసి వచ్చాక చెప్తే ఏం లాభం అనిపించింది. ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఉత్తర్వు మూడు నెలలకి వచ్చింది. రెండు పేజీలు, నాలుగు పేరాలు. అర్జీలాయన దగ్గరికి పట్టుకుపోయాం. మొదటి పేరా చదివి, గెలిచావమ్మా అన్నాడు. స్త్రీ అన్న కారణాన దరఖాస్తుని తోసిపుచ్చడం నిబంధనలకి విరుద్ధం అని ఉందట. రెండో పేరా చదివి ఆగాడు. పనిలో అనుభవం ఉన్నదన్న మాట రుజువు కాలేదట. మూడోదాంట్లో, ఇప్పటికే జరిగిన నియామకాన్ని కదపనక్కర్లేదని ఉంది. ఓడిపోయావు అన్నాడు. నాలుగోది రెండుసార్లు చదివాడు. గజపతినగరం దగ్గర చంపావతి మీద ఉన్న గేజీ స్టేషనులో ఖాళీ ఉంది కాబట్టి, దరఖాస్తుదారుని అక్కడ తాత్కాలికంగా వేసుకోవలసిందని అందులో ఉంది. ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చి, తన నలభయ్యేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదని, ఏమనాలో తెలియడం లేదని, మిఠాయి మాత్రం పెట్టాల్సిందేనని అన్నాడు.

నాకూ తెలియలేదు. రెండో పేరా నేనే రాయించుకున్నట్టయింది. అనుభవం లేదని తేల్చిన మనిషికి వెంటనే, నేర్పేవాళ్లెవరూ లేనిచోట, అదే పని ఎలా ఇచ్చారు? ఆయన ఆ రాత ఎవరిదో గ్రహించాడా? గ్రహించే నాన్నని కాపాడాడా? లేక నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి, ఆడపిల్ల కదా పోనీలే అనుకున్నాడా? మావ నన్ను ఆలోచించొద్దన్నాడు. ఉద్యోగం ఉద్యోగమే, ఏరు ఏదైతే ఏటి అన్నాడు.

అమ్మా నేనూ గజపతినగరం వెళ్లిపోయిన రోజున, మా రేవు కుర్రవాడు బస్సు దాకా వచ్చి పెట్టె పైకెక్కించాడు. అతనికి సంతోషంగా ఉందని, కాని నాకెలాగుందో అడగడానికి మొహం చెల్లడం లేదని నెమ్మదిగా చెప్పాడు. బాగానే ఉందన్నాను.

మేం వెళ్లింది ఎండాకాలం. చంపావతిలో ఇసక తప్ప ఏమీ లేదు. ఆఖరి స్తంభం కింది గీత కూడా పొడిగా ఉంది. నాగావళిలో ఎప్పుడూ ఎంతో కొంత నీరుండేది కాబట్టి ఇలాంటప్పుడు ఏం రాయాలో నాన్న నాకు చెప్పలేదు. సున్నా రాయాలా, గీత గీయాలా? మొదటిరోజు ఆ స్తంభం దగ్గర పుస్తకం తెరుచుకుని ఎండలో నిలబడిపోయాను. అటుగా ఆవుని తోలుకొస్తున్న ఒకావిడ ఆగి, ఏటి సూస్తన్నావమ్మా అని అడిగింది. నీళ్లు చూస్తున్నానన్నాను. ఆవిడ ఇసక వంకా నా వంకా చూసి ఆవుని అదిలించుకుంటూ వెళ్లిపోయింది. నేను 'నీరు లేదు' అని మాటల్లో రాశాను. అలా రాయడమే సరైనదని తరవాత సెక్షను ఆఫీసరు చెప్పాడు. వానలు మొదలయ్యాక చంపావతి ఒక్కరోజులో పెరిగి ఒక్కరోజులో తగ్గిపోయేది. దానికి నాగావళి నిదానం లేదు. అలవాటు పడటానికి రెండేళ్లు పట్టింది.

ఆ తరవాతెప్పుడో మా హెడ్ గుమస్తా బదిలీ మీద అటు వచ్చాడు. రిటైరవ్వడానికి దగ్గర్లో ఉన్నాడు. మా ఇంట్లో టీ తాగుతూ నా అప్పీలు సంగతి తనే ఎత్తాడు. ఆ రోజు పై అధికారి పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసింది నా కోసం కాదట. ఆ పెద్దాయనకి పాత వరద మట్టాలు పోగుచేసే పిచ్చి ఉందట, ఏ ఊరి పుస్తకాలు దొరికినా అలాగే తిరగేస్తాడట. నా ఉత్తర్వు వెనక ఉన్నది, ఆడవాళ్ల దరఖాస్తులు ఊరికే తోసెయ్యొద్దని ఆ నెలలోనే పైనుంచి వచ్చిన సర్క్యులరట. ఏడు అంకె సంగతి మరి ఆయన ఎందుకడిగాడన్నాను. హెడ్ గుమస్తా గ్లాసు కింద పెట్టి, ఏడు అంకె గురించి అడిగినట్టు తనకి గుర్తే లేదన్నాడు. తను ఆ గదిలోనే ఉన్నాడు. కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు. నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు చెప్పడం మంచిదనుకున్నాడో నేను కనిపెట్టలేకపోయాను.

అమ్మ చనిపోయిన ఏడాది, పాతపట్నం వైపు నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకీ వేరే సర్కారు ఆఫీసులో అలాంటి ఉత్తరమే వచ్చిందట. ఇలా అప్పీలు పెట్టి ఉద్యోగం తెచ్చుకున్నదొకావిడ ఉందని ఎవరో చెప్పారట. చేతిలో కాగితం, కలం పట్టుకుని చాప మీద కూర్చుంది.

"ఏటి రాస్తే గెలిసినావు అక్కా?"

నాకు తెలియదన్నాను. దాస్తున్నాననుకుంది. జరిగిందంతా చెప్పాను. ఏడు అంకె సంగతీ, అబద్ధం సంగతీ చెప్పాను. అమ్మ లేదు కాబట్టి చెప్పగలిగాను. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా విని, మరి నన్నేం రాయమంటావు అని మళ్లీ మొదటికే వచ్చింది. ఇక ఏం చెయ్యాలో తోచక, ట్రంకు పెట్టెలోంచి నా అప్పీలు నకలూ ఉత్తర్వూ తీసి ఇచ్చాను. మధ్యాహ్నమంతా కూర్చుని మొత్తం తన కాగితం మీదకి ఎక్కించుకుంది. నాకు వ్యతిరేకంగా ఉన్న పేరాలు వదిలెయ్యమన్నాను. ఏది పనిచేస్తుందో తెలియనప్పుడు అన్నీ ఉంచడమే మేలు కదా అంది.

ఆర్నెల్ల తరవాత ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఉద్యోగమిచ్చారట. ఉత్తర్వులో కారణమేమీ రాయలేదట.